వరి దుబ్బు మొదట్లో తోడేలు: పార్డోసా సాలీడును గుర్తుపట్టడం ఎలా?

నాట్లు వేసి నెల దాటిన మడిలోకి దిగి, ఒక దుబ్బును జడ పాయలు తీసినట్టు రెండు చేతులతో విడదీసి చూడండి. నీటికి రెండు వేళ్ల ఎత్తున, పిలకల మధ్య బూడిద గోధుమ రంగులో ఏదో చటుక్కున అవతలి వైపుకు జారుకుంటుంది. మీరు కూడా అటు తిరిగితే, దుబ్బు దిగి నీటి మీదే పరుగు తీసి పక్క దుబ్బు ఎక్కేస్తుంది. మునగదు. "ఏదో సాలెపురుగులే" అని మనం వదిలేస్తాం.

అలా పరుగెత్తే వాటిలో మన మడుల్లో బాగా కనిపించేది పార్డోసా సూడోయాన్యులేటా అనే చిన్న తోడేలు సాలీడు. మన దేశం నుంచి చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, జపాన్ దాకా వరి పండే ఆసియా అంతటా ఉంటుంది. 1906లో దీనికి ఆ జాతి పేరు పెట్టింది జపాన్ సాలీళ్ల మీద పనిచేసిన బోసెన్‌బర్గ్, స్ట్రాండ్ అనే ఇద్దరు. పాత వ్యవసాయ పుస్తకాల్లో లైకోసా సూడోయాన్యులేటా అని ఉంటే కంగారు పడకండి, రెండూ ఒకటే.

దీన్ని గుర్తుపట్టడంలో చాలామంది చేసే తప్పు రంగుతో మొదలుపెట్టడం. నేనూ చేశాను. మొదటి ఏడాది ఫోన్లో తీసిన ఫొటోలన్నీ పార్డోసా అనే ఫోల్డర్‌లో వేసుకున్నా. తర్వాత కూర్చుని చూస్తే అందులో మూడు రకాల కుటుంబాలున్నాయి. గోధుమ రంగు సాలీళ్లు లోకంలో లెక్కలేనన్ని. అందుకే ముందు చోటు, తర్వాత నడవడిక, తర్వాత కళ్లు, ఆ తర్వాతే ఒంటి మీది గుర్తులు. ఈ వరుస తప్పితే తల తిరిగిపోతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

కంసాలి వాళ్లు వాడే 10 రెట్ల భూతద్దం, మూత ఉన్న చిన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, అందులో పట్టేంత స్పాంజి ముక్క, గ్రాఫ్ కాగితం, తలకు కట్టుకునే లైటు. ఫోన్‌కు క్లిప్పులా తగిలించే మాక్రో లెన్స్ ఉంటే మంచిది, లేకున్నా పని ఆగదు. తెల్ల పళ్లెం ఒకటి తీసుకెళ్లండి. దాన్ని దుబ్బు కింద పట్టి పిలకల్ని అరచేత్తో రెండు దెబ్బలు కొడితే, వరి రసం పీల్చే సుడిదోమలతో పాటు సాలీళ్లూ రాలతాయి.

రాత్రి వెళ్తే కాళ్లకు గమ్ బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. గట్టు మీద మీకంటే ముందు రక్తపింజర వచ్చి పడుకుని ఉండొచ్చు. మందు కొట్టిన మడిలోకి, డబ్బా మీద రాసిన గడువు దాటే వరకు దిగొద్దు.

మొదటి మెట్టు: సరైన చోట వెతకడం

ఈ సాలీడు గూడు కట్టి కూర్చునే రకం కాదు. దుబ్బు మొదలు, నీటి పైభాగం, తడి గట్టు, మడిలో పేరుకున్న గడ్డి, ఇవీ దీని తావులు. ఆకుల చివర్లలో వెతికితే దొరకదు, అక్కడ వేరే సాలీళ్లుంటాయి. వరి బాగా ఎదిగి నీడ పడ్డాక మొదళ్ల దగ్గర తేమ, చల్లదనం ఉంటాయి. సుడిదోమ కూడా సరిగ్గా అక్కడే చేరి రసం పీలుస్తుంది. వేటగాడూ వేటా ఒకే అంతస్తులో కాపురం.

మన దగ్గర సుడిదోమ బెడద తగ్గడానికి ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలమంటారు కదా, చూడ్డానికి అవి చాలా అనువు. బాటలో గొంతు కూర్చుని ఇటూ అటూ దుబ్బుల మొదళ్లను తీరిగ్గా చూడొచ్చు, పంట నలగదు.

ఏ కాలంలో? సార్వా (వానాకాలం పంట) అయినా దాళ్వా (యాసంగి పంట) అయినా, దమ్ము చేసి నాట్లు పడ్డ కొద్ది రోజులకే ఇవి మడిలోకి దిగుతాయి. గట్ల మీంచి నడిచి వచ్చేవి కొన్ని. పిల్ల సాలీళ్లయితే సన్నని దారం గాలికి వదిలి, దాంతో పాటే ఎగిరి వస్తాయి. అప్పటికి మడిలో దోమ ఉండదు. మరి ఏం తింటాయంటే, నీళ్లలోంచి పుట్టుకొచ్చే చిన్న చిన్న ఈగలు, కుళ్లే గడ్డి మీద బతికే స్ప్రింగ్‌టెయిల్ పురుగులు. మనకు మంచీ చెడూ చెయ్యని ఈ జీవాలే వాటికి తొలి మేత. అందుకే తొలి నెలలో "ఎందుకైనా మంచిది" అని కొట్టే మందు వీటి కడుపు మీద కొడుతుంది. కోతలయ్యాక వరి కొయ్యల్లో, గట్టు గడ్డిలో, గడ్డివాము అడుగున వెతకండి.

హైదరాబాద్ పార్కుల్లో, ఇంటి ముందు గడ్డిలో పరుగెత్తేవీ పార్డోసాలే కావచ్చు. కానీ ఎండిన గడ్డిలో కనిపించిందంటే ఇది వేరే పార్డోసా అయ్యే అవకాశం ఎక్కువ.

రెండో మెట్టు: లైటు వేసి పట్టడం

పగలు గంట వెతికితే దొరికేవి, రాత్రి పది నిమిషాల్లో కనిపిస్తాయి. కిటుకు లైటు పట్టుకునే తీరులో ఉంది. టార్చి నడుము దగ్గర పట్టుకుంటే ఏమీ తెలియదు. కణత పక్కన, మీ కంటి ఎత్తులో పెట్టి, వెలుగు పడే చోటుకే చూపు నిలపండి. ఈ సాలీళ్ల కళ్ల వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. అది వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది కాబట్టి, కన్ను ఆ దారిలో ఉంటేనే మెరుపు మీకు అందుతుంది. తలకు కట్టే లైటు మేలన్నది అందుకే.

మెరుపు పచ్చ నీలం కలిసిన చుక్కలా ఉంటుంది. మంచు బిందువులు కూడా మెరుస్తాయి, కానీ మీరు తల కదిపితే వాటి రంగు మారుతుంది, అవి ఆరి వెలుగుతాయి. సాలీడు కన్ను అలా మిణుకుమిణుకుమనదు, నిలకడగా ఉంటుంది. మెరుపు మీద నుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా దగ్గరికి వెళ్లండి. అడుగు బరువుగా వేస్తే నీళ్ల అలలు మీకంటే ముందే కబురు చేరుస్తాయి.

ఒక రాత్రి మా గట్టు మీద ఒకే చోట పది పదిహేను చుక్కలు గుంపుగా మెరిశాయి. వంగి చూస్తే ఒక్కటే సాలీడు. ఒంటి వెనక భాగం గరుగ్గా, మట్టి అంటుకున్నట్టుంది. గడ్డిపరకతో మెల్లగా తాకగానే ఆ మట్టి కదిలింది, అదంతా పిల్లలు! నాలుగైదు జారి నీళ్లలోకి దిగాయి. తల్లి పరుగెత్తకుండా అక్కడే ఆగింది. జారిన పిల్లలు నీటి మీద నడిచి, తల్లి కాళ్ల వెంట పాకి, ఒక్కొక్కటే మళ్లీ వీపు ఎక్కాయి. ఇంత చూశాక తోడేలు సాలీడా కాదా అని ఇక అడగక్కర్లేదు.

మూడో మెట్టు: నడవడిక బట్టి కుటుంబం తేల్చడం

గుడ్ల సంచిని ఎలా మోస్తుందో చూడండి. తోడేలు సాలీడు తల్లి దాన్ని పొట్ట చివర, దారాలు వచ్చే చోట తగిలించుకుని తిరుగుతుంది. పప్పు బద్దలు రెండు అతికించినట్టు చపటగా, అంచున అతుకు గీతతో ఉంటుంది ఆ సంచి. పిల్లలు బయటికొచ్చే వేళకి తల్లి ఆ అతుకును చీల్చి దారి ఇస్తుంది. పిల్లలు వీపెక్కుతాయి, ఒకేసారి అరవై డెబ్బై దాకా. ఇలా సంచిని వెనక తగిలించుకుని, ఆపై పిల్లల్ని వీపున మోయడం ఈ కుటుంబానికే గుర్తు.

పోలికతో మోసం చేసేవి నాలుగు. నర్సరీ వెబ్ సాలీళ్లు కూడా నీళ్ల దగ్గరే ఉంటాయి, నీటి మీద పరుగెత్తుతాయి, కానీ సంచిని నోటితో పట్టుకుని రొమ్ము కింద మోస్తాయి. లింక్స్ సాలీళ్లు ఆకుల మీద ఉంటాయి. కాళ్ల నిండా నిలువుగా ముళ్లు, పొట్ట తోక వైపు సన్నబడి, పిల్లిలా దూకుతాయి. గెంతే సాలీళ్లకు ముఖాన రెండు పెద్ద హెడ్‌లైట్ల లాంటి కళ్లు, చూపు మన వైపు తిప్పి మరీ చూస్తాయి. ఇక హిప్పాసా. దీంతోనే నేను ఎక్కువ పప్పులో కాలేశాను, ఎందుకంటే అదీ తోడేలు సాలీడే. తోడేలు సాలీళ్లు గూడు కట్టవని అందరం చెప్పుకుంటాం. ఇది మాత్రం గట్టు గడ్డిలో దుప్పటి పరిచినట్టు వల అల్లి, మూలన గరాటు లాంటి బొరియలో కూర్చుంటుంది. తెల్లవారి మంచు పడ్డప్పుడు గట్టంతా తెల్లటి చేతిరుమాళ్లు ఆరేసినట్టు కనిపించేవి ఇవే. గరాటు వల ఉంటే పార్డోసా అన్న మాట కొట్టేయండి.

నాలుగో మెట్టు: కళ్ల లెక్క

సాలీడును డబ్బాలో పట్టాక, స్పాంజి ముక్కను వెనక నుంచి మెల్లగా తోసి మూతకు ఆనించండి. నలగకూడదు, కదలకుండా ఉంటే చాలు. ఇప్పుడు భూతద్దం కంటికి ఆనించుకుని, డబ్బాను దగ్గరికి తెచ్చుకోండి. భూతద్దాన్ని డబ్బా మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు, ఇది కొత్తవాళ్లందరికీ జరిగేదే.

ముఖాన కింది వరుసలో నాలుగు చిన్న కళ్లు. వాటి పైన ముందుకు చూస్తూ రెండు పెద్దవి. ఇంకా వెనక, తల పైన, ఎడంగా మరో రెండు. నాలుగు, రెండు, రెండు. ఈ లెక్క కుదిరితే తోడేలు సాలీళ్ల కుటుంబం, అంటే లైకోసిడే. గ్రీకులో లైకోస్ అంటే తోడేలు. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో 2,400 పైచిలుకు జాతులున్నాయి కాబట్టి మన పని ఇంకా అయిపోలేదు.

టరాంటులా అన్న పేరు కూడా మొదట ఈ కుటుంబం వాళ్లదే. ఇటలీలో టరాంటో ఊరి దగ్గరి తోడేలు సాలీడుకు ఉన్న పేరు, తర్వాత అమెరికా ఖండాల పెద్ద బొచ్చు సాలీళ్లకు పోయింది. మన పార్డోసాకు ఆ భయాలేమీ అక్కర్లేదు. వేళ్ల మధ్య నొక్కితే కొరకొచ్చు గానీ, మనిషికి ప్రమాదం చేసేది కాదు. అయినా చేత్తో పట్టకండి, కాళ్లు ఊడేది దానికే.

ఐదో మెట్టు: పార్డోసా అని తేల్చడం

ముందు నుంచీ పక్క నుంచీ చూడండి. తల భాగం ఎత్తుగా, రెండు పక్కలా గోడల్లా నిటారుగా ఉంటుంది. కాళ్లు సన్నగా, పొడుగ్గా, పొడవాటి ముళ్లతో ఉంటాయి. వెనక కాళ్ల జత అన్నిటికంటే పొడవు. ఆ కాలి చివరి నుంచి రెండో ముక్క మెటాటార్సస్. దాని పొడవు, పైనున్న మోకాలి ముక్కా పిక్క ముక్కా కలిపినంత ఉంటుంది, లేదా మించుతుంది. ఫొటో తీసి తెర మీద పెద్దది చేసి, దారంతోనో స్కేలుతోనో కొలవండి. బొరియల్లో ఉండే లైకోసా రకం తోడేలు సాలీళ్లయితే మోటుగా, పొట్టి కాళ్లతో, ఒళ్లు దిట్టంగా ఉంటాయి.

డబ్బా కింద గ్రాఫ్ కాగితం పెట్టి కాళ్లు వదిలేసి ఒళ్లు మాత్రం కొలవండి. ఆడది సుమారు 8 నుంచి 12 మిల్లీమీటర్లు, మగది ఇంకాస్త చిన్నది. మన వాళ్లు "ఇంత ఉంది" అని అరచేయి చూపిస్తారే, అది కాళ్లతో కలిపిన లెక్క, భయంతో కూడా కలిపిన లెక్క.

ఆరో మెట్టు: పంగల కర్ర గుర్తు

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. తల, రొమ్ము కలిసిన ముందు భాగం మీద, నడిమధ్యన లేత పసుపు గోధుమ పట్టీ ఒకటి నిలువుగా దిగుతుంది. కళ్ల వెనక అది వెడల్పుగా ఉంటుంది, ఆ వెడల్పులో రెండు ముదురు మచ్చలు పొడుగ్గా దిగబడి ఉంటాయి. దాంతో మొత్తం చూస్తే పంగల కర్ర ఆకారం వస్తుంది. పొలంలో ఈ జాతికి అన్నిటికంటే పనికొచ్చే గుర్తు ఇదే. పొట్ట మీద ముందు వైపు లేత రంగులో బరిసె మొన లాంటి మచ్చ, దాని వెనక తెల్లటి చుక్కలు జతలుగా వరుస కడతాయి. డబ్బాను తిరగేస్తే కాళ్ల మధ్య పసుపు రంగు రొమ్ము పలక, దాని అంచుల దగ్గర నల్ల చుక్కల జతలు.

ఒక జాగ్రత్త. నీళ్లలో తడిసిన సాలీడు ముదురుగా కనిపిస్తుంది, వెంట్రుకలు రాలిన ముసలి సాలీడుకు తెల్ల చుక్కలు వెలిసిపోతాయి. రెండు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు ఫొటో తీయండి.

పై నుంచి, ముఖం నుంచి, పక్క నుంచి, కింది నుంచి, ఈ నాలుగు ఫొటోలూ కావాలి. చాలామంది పై నుంచి ఒక్కటి తీసి "ఇదేంటి చెప్పండి" అంటారు. ఎవరూ చెప్పలేరు.

ఏడో మెట్టు: ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం

మన దేశంలో పార్డోసాలు చాలా ఉన్నాయి. పార్డోసా బిర్మానికా, పార్డోసా సుమత్రానా లాంటివి మన పొలాల గట్ల మీదా తిరుగుతాయి. జాతిని కచ్చితంగా తేల్చేది జననాంగాల ఆకారమే, అది పెద్దవాటిలోనే ఏర్పడుతుంది. ఆడదానికి పొట్ట కింద, ముందు భాగంలో, ముదురు గట్టి పలక ఒకటి ఉంటుంది. మగదానికి ముఖం పక్కన ఉండే రెండు పొట్టి స్పర్శాంగాల చివర్లు బాక్సింగ్ గ్లవ్స్ తొడిగినట్టు ఉబ్బి ఉంటాయి. ఈ రెండూ లేకపోతే అది పిల్ల సాలీడు. దాన్ని "పార్డోసా, జాతి తెలియదు" అని రాసి ఊరుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు, తెలిసినవాళ్లు చేసేదీ అదే.

కష్టపడకుండా పెద్దదాన్ని పట్టే ఉపాయం ఒకటుంది. గుడ్ల సంచి ఉన్నదాన్నే ఎంచుకోండి. సంచి ఉందంటే ఎదిగిన ఆడదే, ఇంకో మాట లేదు. దాని పొట్ట అడుగు పలక ఫొటో స్పష్టంగా వస్తే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టండి, సాలీళ్లు తెలిసినవాళ్లు చూస్తారు. పేరు సరిచూసుకోవడానికి స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వరల్డ్ స్పైడర్ క్యాటలాగ్ ఉంది. ఆ రెండూ చూశాక కూడా అనుమానం ఉంటే మైక్రోస్కోపే దిక్కు.

ఎనిమిదో మెట్టు: మడిని కూడా రాసుకోవడం

పుస్తకంలో పేరొక్కటే రాస్తే సగం పని. తేదీ, వేళ, ఊరు, వరి ఏ దశలో ఉంది, నీరు ఎంత లోతు, నీటికి ఎంత ఎత్తున దొరికింది, ఏ మందు ఎప్పుడు కొట్టారు, పది దుబ్బులు చూస్తే ఎన్నింట్లో సాలీళ్లున్నాయి, ఇవన్నీ రాయండి. దోమను తినే మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు కనిపిస్తే అవీ రాయండి.

ఇది నాకు తెలిసొచ్చింది చేతులు కాలాకే. ఒక దాళ్వాలో నాలుగు దోమలు కనిపించగానే షాపులో ఇచ్చిన మందు తెచ్చి కొట్టాం. వారం తర్వాత మడిలో సాలీడన్నది లేదు, మొదళ్లు శుభ్రంగా ఉన్నాయని సంబరపడ్డాం. మూడు వారాలకు నడిమడిలో పంట గుండ్రంగా, పళ్లెం బోర్లించినట్టు ఎండిపోయింది. వరి కణజాలం లోపల ఉన్న దోమ గుడ్లకు ఆ మందు తగల్లేదు, గుడ్లు పిగిలాక తినేవాడు మడిలో లేడు. మా ఒక్కళ్ల కథే కాదిది. ఇండోనేషియా ఇలాగే దెబ్బతిని, 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. ఒక్క పార్డోసా రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుందని వరి పరిశోధకులు లెక్కగట్టారు. ఆడది బతికే మూడు నాలుగు నెలల్లో రెండు నుంచి నాలుగు వందల గుడ్లు పెడుతుంది. ఆ కూలీ లెక్క మీరే వేసుకోండి.

ఆ వేట చూడాలంటే సాయంత్రం కాలిబాటలో కదలకుండా కూర్చుని, ఒక దుబ్బును వేలితో మీటండి. దోమ ఒకటి నీళ్లలో పడి గిలగిలా కొట్టుకుంటుంది. దుబ్బు మొదట్లో ముందు రెండు కాళ్లు నీటికి ఆనించి ఉన్న సాలీడు ఆ అలను పసిగట్టి ఇటు తిరుగుతుంది. ఒక్క అంగ. దోమ నోట్లో ఉంటుంది, సాలీడు వెనక్కి దుబ్బు మీద ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో నాకు ఒక్కసారీ కంటికి అందలేదు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి చూడాల్సిందే.

ఫొటోలు అయ్యాక సాలీడును డబ్బాలో ఎండలో ఉంచకండి, పది నిమిషాలు చాలు అది చావడానికి. పట్టిన దుబ్బు దగ్గరికే తీసుకెళ్లి, డబ్బాను మొదలుకు ఆనించి వంచండి, అదే దిగిపోతుంది. తల్లి కంగారులో గుడ్ల సంచి జారవిడిచి ఉంటే, సంచిని కూడా దాని పక్కనే వదలండి. కాళ్లతో తడుముకుంటూ వెతికి, దొరకగానే పొట్ట వంచి మళ్లీ వెనక తగిలించుకుంటుంది.